దానోపాయం

మా తాత కట్టిన ఇంటి పెరట్లో బావి మీద గోడ ఉండేది. బావి పక్కన కాదు, సరిగ్గా బావి మీదే. పెదనాయనా చిన్నాయనా భాగాలు పంచుకున్నప్పుడు ఇల్లు రెండయింది, పెరడు రెండయింది, చింతచెట్టు కొట్టించి కట్టెలు కూడా తూకం వేసి పంచుకున్నారు. బావిని మాత్రం ఇద్దరిలో ఎవరూ వదులుకోలేదు. ఒరకు అడ్డంగా రాతిదూలం వేసి దాని మీద గోడ లేపారు. అటొక గిలక, ఇటొక గిలక. ఇటు బొక్కెన వేస్తే అటువాళ్ళకు చప్పుడు వినిపించేది. అయినా పదకొండేళ్ళు ఆ రెండిళ్ళకూ మాటల్లేవు.

ఒక ఏడు వానల్లేక బావి అడుగంటింది. పూడిక తీయాలి. ఒకరి డబ్బుతో అయ్యే పని కాదు. అయ్యే పనే అయినా, తన డబ్బుతో ఊరిన నీళ్ళు అవతలివాడు తోడుకుంటాడన్న బాధ ఇద్దరికీ ఉంది. అప్పుడు బెంగుళూరులో ఉండే అవ్వ తమ్ముడు డబ్బు పంపించాడు. ఒకటే షరతు పెట్టాడు: పూడిక తీసినన్ని రోజులూ అన్నదమ్ములిద్దరూ బావి దగ్గరే నిలబడి పని చేయించాలి. నిలబడ్డారు. నాలుగో రోజుకు, కూలివాడితో చెప్పే మాట అవతల నిలబడ్డవాడికి కూడా తగిలేట్టు చెప్పడం మొదలైంది. తరవాత ఎవరడిగినా ఇద్దరిదీ ఒకటే జవాబు: "మామ మాట కాదనలేక నిలబడ్డానంతే."

ఈ జవాబు తలుచుకుని చాలా ఏళ్ళు నవ్వుకున్నాను. ఉత్తర ఐర్లండు సంగతులు చదవడం మొదలుపెట్టాక నవ్వడం మానేశాను.

సామ దాన భేద దండాలని మనవాళ్ళు నాలుగు ఉపాయాలు చెప్పారు. ఇందులో దానం అంటే కార్తీకమాసంలో చేసే దానం కాదు. రాజనీతిలో అది ఒక పనిముట్టు. ఎదుటివాడికి ఏదో ముట్టజెప్పి దారికి తెచ్చుకోవడం. పుణ్యానికి ఇచ్చేదానికీ పనికోసం ఇచ్చేదానికీ ఒకే మాట వాడారంటే మన పెద్దలు అమాయకులై వాడారనుకోను. ఆ రెంటి మధ్య గీత సన్నమని వాళ్ళకు తెలిసే ఉంటుంది.

ఉత్తర ఐర్లండులో భేదం ముందునుంచీ ఉన్నదే. బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్లు ఒకవైపు, ఐర్లండంతా ఒకటి కావాలనే కాథలిక్కులు ఒకవైపు. అందరూ అట్లా అని కాదు గానీ మొత్తం మీద లెక్క అది. 1969 ఆగస్టులో బ్రిటిష్ సైన్యం వీధుల్లోకి దిగింది. 1971లో విచారణ లేకుండా జైల్లో పెట్టడం మొదలైంది. 1972 జనవరి 30న డెరీ నగరంలో ఊరేగింపు మీద సైనికులు కాల్పులు జరిపితే ఆ రోజే 13 మంది పోయారు. దండోపాయం అయింది. పదిహేను లక్షల చిల్లర జనాభా ఉన్న చోట మూడు దశాబ్దాల్లో 3,500 మందికి పైగా చనిపోయారు. సైన్యం చంపినవాళ్ళున్నారు, రెండు వర్గాల సాయుధ దళాలు చంపినవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. సామానికి ఎవరి చెవీ ఖాళీ లేదు. మిగిలింది దానం.

1985 నవంబరు 15న బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్, ఐర్లండు ప్రధాని గారెట్ ఫిట్జెరాల్డ్ హిల్స్‌బరోలో ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. దానిని అనుసరించి 1986లో ఐర్లండు అంతర్జాతీయ నిధి పుట్టింది. అమెరికా, ఐరోపా సమాజం, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండు అందులో డబ్బు వేశాయి. ఆర్థికంగా సామాజికంగా ముందుకు నడపడం, రెండు వర్గాల మధ్య రాకపోకలూ మాటామంతీ పెంచడం దాని పని. అమెరికాలోని ఐరిష్ సంతతివాళ్ళలో కొందరి దగ్గర్నుంచి తుపాకులకు కూడా డబ్బు వెళ్ళేది. ఒకే సముద్రం మీదుగా రెండు రకాల డబ్బు ప్రయాణం చేసిందన్నమాట.

ఆ నిధిని మొదట చాలామంది ప్రొటెస్టెంట్ నాయకులు అసహ్యించుకున్నారు. ఒప్పందం మాకు ఇష్టం లేదు, దాన్ని మింగించడానికి ఈ బెల్లం ముక్క ఇస్తున్నారన్నారు. ఆ మాటలో తప్పేముంది? నిజంగానే అది బెల్లం ముక్కే. అవమానం జరిగిందని బాధపడుతున్నవాడి చేతిలో రూపాయి పెడితే వాడికి రెండో అవమానం జరిగినట్టే. దుర్యోధనుడి దగ్గరికి వెళ్ళి అయిదూళ్ళిస్తే చాలన్న రాయబారం మనకు ఎప్పుడూ ధర్మంగానే వినిపిస్తుంది. ద్రౌపది చెవికి ఎట్లా వినిపించి ఉంటుందో ఆలోచిస్తే తెలుస్తుంది, సంధికి వెల కట్టినప్పుడు ఎవరి లెక్క అందులో చేరకుండా పోతుందో.

కాబట్టి నేను మొదట వాళ్ళ పక్షమే. డబ్బుతో కొన్న శాంతి శాంతి కాదని, ప్రయాణఖర్చులూ మధ్యాహ్నభోజనమూ ఇస్తారని వచ్చి పక్కవర్గం వాడితో చెయ్యి కలిపినవాడి చేతిలో స్నేహం లేదని అనుకునేవాణ్ణి. మనసు మారకుండా చేసిన పనికి విలువేమిటని మన వేదాంతులూ అడిగారు, పశ్చిమదేశపు నీతిశాస్త్రజ్ఞులూ అడిగారు.

నా అభిప్రాయాన్ని కదిలించింది ఒక చిన్న సంఘటన. 1994లో రెండువైపుల సాయుధ దళాలూ కాల్పులు ఆపాయి. ఐరోపా పార్లమెంటులో అప్పుడు ఉత్తర ఐర్లండుకు ముగ్గురే సభ్యులు: జాన్ హ్యూమ్, ఇయాన్ పెయిస్లీ, జిమ్ నికల్సన్. హ్యూమ్ కాథలిక్కుల పక్షం నాయకుడు. పెయిస్లీ ప్రొటెస్టెంట్ మతబోధకుడు, తన సొంత చర్చి తానే స్థాపించుకున్నవాడు. 1988లో పోపు ఆ పార్లమెంటులో ప్రసంగిస్తుంటే లేచి క్రీస్తువిరోధి అని కేకలు వేస్తే బయటికి పంపించారు. అట్లాంటి పెయిస్లీ, హ్యూమ్‌తోనూ నికల్సన్‌తోనూ కలిసి ఐరోపా కమిషన్ అధ్యక్షుడు జాక్ డెలోర్ దగ్గరికి వెళ్ళాడు. మా ప్రాంతానికి డబ్బు ఇవ్వండి అని ముగ్గురూ కలిసి అడిగారు. 1995లో శాంతి కార్యక్రమం మొదలైంది. మొదటి విడతలో ఐరోపా సంఘం ఇచ్చింది 50 కోట్ల యూరోలు. ఆ తరవాత విడత మీద విడత వచ్చింది. బ్రిటన్ ఐరోపా సంఘం నుంచి బయటికి వచ్చేశాక కూడా, ఇద్దరూ కలిసి 2021 నుంచి 2027 వరకు సుమారు 110 కోట్ల యూరోల కార్యక్రమం పెట్టుకున్నారు.

పెయిస్లీ ఆ రోజు సఖ్యత కోసం వెళ్ళాడని నేననను. తన ఓటర్లకు రోడ్లూ ఉద్యోగాలూ వస్తాయని వెళ్ళాడు. కానీ ఆయనకు ఒక సాకు దొరికింది. "వాళ్ళతో కలవడానికి కాదు, డబ్బు తేవడానికి వెళ్ళాను" అని ఇంటికొచ్చి చెప్పుకోవచ్చు. అక్కడే నాకు పెదనాయన జవాబు గుర్తొచ్చింది. మామ మాట కాదనలేక నిలబడ్డానంతే.

పగ పట్టినవాడికి పగ బరువుగా ఉండదనుకోవడం పొరపాటు. చాలామందికి అది దించుకోవాలనే ఉంటుంది. దించితే తనవాళ్ళ ముందు తల వంచినట్టవుతుందని మోస్తుంటారు. అట్లాంటివాడికి కావలసింది ఉపదేశం కాదు, మర్యాద పోకుండా దించుకునే ఒక సాకు. నిరుద్యోగి అయిన కుర్రవాడు తన వీధిలో "పక్కవాళ్ళతో స్నేహానికి వెళ్తున్నా" అని చెప్పలేడు. "పని నేర్పిస్తారట, విదేశం తీసుకెళ్తారట" అని చెప్పగలడు. ఐర్లండు నిధి అట్లాంటి శిక్షణలు నిజంగానే నడిపింది. ఉత్తరం నుంచి కాథలిక్ పిల్లలనూ ప్రొటెస్టెంట్ పిల్లలనూ, దక్షిణం నుంచి కొందరినీ కలిపి విదేశాలకు పంపింది. వెళ్ళినవాళ్ళలో ఎందరి మనసులు మారాయో లెక్క పెట్టడం ఎవరి తరం? మనసు మారాక చెయ్యి కలుపుతాం అని కూర్చుంటే ఇంకో తరం పోయేది. డబ్బు స్నేహాన్ని కొనలేదు, నిజమే. ఎదురుపడడానికి ఒక కారణాన్ని కొనగలదు. అది తక్కువ సంగతి కాదని ఇప్పుడనుకుంటున్నాను.

అయితే ఇంతటితో నా సందేహం తీరలేదు. ఇంకోటి దాని వెనకాలే వచ్చింది.

చీలిపోయినవాళ్ళను కలపడానికి డబ్బు ఇస్తే, చీలిపోయి ఉండడమే అర్హత అవుతుంది కదా! అక్కడ ఏ కార్యక్రమానికి దరఖాస్తు పెట్టినా వచ్చేవాళ్ళలో కాథలిక్కులెందరు, ప్రొటెస్టెంట్లెందరు అని లెక్క చూపించాలి. నేను రెండూ కానన్నవాడికి గళ్ళలో చోటు కష్టం. అక్కడ ఒక పాత జోకు చెప్పుకుంటారు. ఒకాయన నేను యూదుణ్ణి అన్నాడట. "సరే, కాథలిక్ యూదుడివా, ప్రొటెస్టెంట్ యూదుడివా?" అని అడిగారట.

ఈ లెక్కల బాధ మనకు కొత్తది కాదు. హొసూరులో ఉన్నా బళ్ళారిలో ఉన్నా బరంపురంలో ఉన్నా మన భాషలో బడి కావాలంటే తలకాయలు లెక్క చూపించవలసిందే. తరగతికి పదిమంది, లేదా బడి మొత్తానికి నలభై మంది పిల్లలుంటే మాతృభాషలో చెప్పాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు అనుకున్నారు. మంచి నియమమే. కానీ ఆ నియమం వచ్చాక, ఇంట్లో రెండు భాషలూ కలిపి మాట్లాడుకునే పిల్లవాణ్ణి కూడా ఇటో అటో రాయించక తప్పదు. హక్కు కావాలంటే గీత గీసుకోవాలి. గీత గీసుకున్నాక అది ఊరికే చెరిగిపోదు.

ఉత్తర ఐర్లండులోనూ భాష దగ్గర ఇదే జరిగింది. 1998 ఏప్రిల్ 10న కుదిరిన శుభశుక్రవారపు ఒప్పందం ప్రకారం భాషలకోసం ఒక సంస్థ ఏర్పడింది. అందులో ఒక భాగం ఐరిష్ భాషకు, రెండో భాగం అల్‌స్టర్ స్కాట్స్‌కు. ఒకరికి ఇస్తే రెండోవారికీ ఇవ్వాలి. దాంతో ఐరిష్ కాథలిక్కుల భాషగానూ, స్కాట్స్ ప్రొటెస్టెంట్ల భాషగానూ పంపకం అయిపోయినట్టు కనిపిస్తుంది. భాషలు నిజానికి ఆ లెక్కకు లొంగవు. తూర్పు బెల్‌ఫాస్ట్‌లో, ప్రొటెస్టెంట్ పేటలో, లిండా ఎర్విన్ అనే ఆమె ఐరిష్ తరగతులు నడుపుతున్నారు. దానికి తురాస్ అని పేరు. ప్రయాణమని అర్థం. ఆమె కూడా ప్రొటెస్టెంటే.

2016 డిసెంబరులో ఒక మంత్రి, పేదపిల్లలు ఐరిష్ నేర్చుకోవడానికి ఆ భాష మాట్లాడే ప్రాంతాలకు వెళ్ళేందుకిచ్చే 50,000 పౌండ్ల సాయం ఆపేశాడు. కోట్ల యూరోల ముందు ఆ సొమ్ము ఎంత? అప్పటికే వేరే పెద్ద కుంభకోణం మీద ప్రభుత్వం ఊగుతోంది. ఈ చిన్న కోత అవతలివాళ్ళకు గుండెల్లో గుచ్చుకుంది. కొద్దిరోజుల్లో మంత్రి దాన్ని తిరిగి ఇచ్చేశాడు గానీ అప్పటికే 2017 జనవరి 9న ఉపముఖ్యమంత్రి హోదాలోని మార్టిన్ మెగిన్నెస్ రాజీనామా చేశారు. ప్రభుత్వం కూలిపోవడానికి అదొక్కటే కారణమని ఎవరూ అనరు, కానీ కారణాల్లో అదీ ఉంది. మూడేళ్ళ దాకా మళ్ళీ నిలబడలేదు. ఇచ్చే డబ్బుకు లేని బలం ఆపిన డబ్బుకు ఉంటుంది. ఇచ్చినప్పుడు అది నిధి. ఆపినప్పుడు "మీరు మాకు లెక్క కాదు" అన్న మాట.

ఇక అన్నిటికన్నా కష్టమైనది చనిపోయినవాళ్ళ సంగతి. గతాన్ని ఏం చేయాలో చెప్పమని ఆర్చిబిషప్‌గా చేసిన రాబిన్ ఈమ్స్, మాజీ కాథలిక్ పూజారి డెనిస్ బ్రాడ్లీ ఆధ్వర్యంలో ఒక బృందాన్ని వేశారు. 2009 జనవరిలో వాళ్ళు నివేదిక ఇచ్చారు. అందులో ఎన్నో సూచనలున్నాయి. జనం ఒక్కదాన్నే పట్టుకున్నారు: చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 12,000 పౌండ్లు. ప్రతి ఒక్కరికీ అంటే బాంబుకు బలైనవాడికీ, బాంబు పెట్టబోయి చచ్చినవాడికీ కూడా. నివేదిక విడుదల చేసిన సభలోనే గొడవ అయింది. బ్రిటిష్ మంత్రి ఆ సూచనను పక్కన పెట్టేశాడు.

దీని గురించి ఎన్నిసార్లు ఆలోచించినా నేను ఒక వైపు తేలలేదు. కన్నతల్లి దుఃఖానికి కొడుకు చేసిన పనితో సంబంధం లేదు, ఏ తల్లి ఏడ్చినా ఏడుపే అన్నారు ఆ పెద్దమనుషులు. కాదనలేం. కానీ ఆ డబ్బు ఏడుపు ముట్టినందుకు రసీదులాగా కనిపించింది. సమానంగా ఇవ్వడంతో చంపినవాడూ చచ్చినవాడూ సమానమన్నట్టయింది. అదే 12,000 పౌండ్లు వైద్యానికనో చదువుకనో వేరే పేరుతో ఇచ్చి ఉంటే ఇంత మంట లేచేదా అని అనిపిస్తుంది. నిజంగానే బాధితులకు అట్లాంటి సాయం వేరే దారుల్లో వెళ్ళింది, ఎవరూ పెద్దగా అరవలేదు. బతికున్నవాళ్ళ అవసరానికి డబ్బు ఇస్తే పుచ్చుకోగలరు. చచ్చినవాళ్ళ లెక్క తేల్చడానికి ఇస్తే పుచ్చుకోలేరు. సాకు పని చేసేది బావి దగ్గరే, శ్మశానంలో కాదు.

జాన్ హ్యూమ్ గురించి ఇంకో మాట చెప్పాలి. 1998లో డేవిడ్ ట్రింబుల్‌తో కలిసి ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. తన వాటా డబ్బును సాల్వేషన్ ఆర్మీకీ సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘానికీ ఇచ్చేశాడు. ఒకటి ప్రొటెస్టెంట్లది, ఒకటి కాథలిక్కులది. అక్కడ కూడా రెండు వాటాలు తప్పలేదు చూడండి! ఆయన రాజకీయాల్లోకి రాకముందు, 1960లో, ఇరవై మూడేళ్ళ వయసులో డెరీలో కొందరితో కలిసి ఒక పొదుపు సంఘం పెట్టాడు. మన సహకార పరపతి సంఘాలలాంటిది. బ్యాంకులు గుమ్మం తొక్కనివ్వని పేదలు వారం వారం తలా కొంచెం వేసి, అవసరమైనవాడికి అప్పు ఇచ్చుకోవడం. తన జీవితంలో చేసిన పనుల్లో తనకు అన్నిటికంటే గర్వమైనది అదేనని చెప్పేవాడట. అమెరికానూ ఐరోపానూ ఒప్పించి కోట్లు తెప్పించిన మనిషి, పేదలు తమ జేబుల్లోంచి తీసి వేసుకున్న చిల్లరను ఎక్కువగా చెప్పుకున్నాడు. బయటి డబ్బుకు ఎవరో ఒకరు లెక్క అడుగుతారు, గడువు పెడతారు, ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తారు. వారం వారం వేసే చిల్లరకు లెక్క అడిగేవాడు పక్కింటివాడే.

ఆ డెరీ నగరానికి పేరు దగ్గరే తగవు. కాథలిక్కులకు డెరీ, ప్రొటెస్టెంట్లకు లండన్‌డెరీ. ఫోయిల్ నది మధ్యనుంచి పారుతుంది. అటు గట్టున ఎక్కువగా ఒకరు, ఇటు గట్టున ఎక్కువగా ఒకరు. 2011 జూన్‌లో ఐరోపా శాంతి నిధులతో అక్కడ నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ ఒక వంతెన కట్టారు. పాత సైనిక బారకాసుల దగ్గర మొదలై నగరం నడిబొడ్డుకు చేరుతుంది. వంతెన మీద నడిచేవాడు సఖ్యత కోసం నడవడు. బజారుకు దగ్గర దారి కాబట్టి నడుస్తాడు. నాకు ఆ డబ్బు పెట్టుబడుల్లో ఇదే అందరికంటే తెలివైనదనిపిస్తుంది.

బెల్‌ఫాస్ట్‌లో మాత్రం శాంతి గోడలు ఇంకా ఉన్నాయి. పేర్లు అట్లాంటివి. 1969లో తాత్కాలికంగా మొదలైనవి. అలెగ్జాండ్రా పార్కు మధ్యలోని గోడ పని, కాల్పుల విరమణ ప్రకటించిన మర్నాడు, 1994 సెప్టెంబరు 1న మొదలైంది. అన్నీ 2023 కల్లా తీసేస్తామని 2013లో ప్రభుత్వం ప్రకటించింది. 2023 వచ్చి వెళ్ళిపోయింది. ఐర్లండు నిధి 2012 నుంచి ఈ గోడల కోసమే ప్రత్యేకంగా ఒక కార్యక్రమం నడుపుతోంది. గోడ పక్కన ఉండేవాళ్ళు ఒప్పుకుంటే తప్ప ఇటుక కదపరు. అది సబబే. లండన్‌లోనో వాషింగ్టన్‌లోనో కూర్చుని గోడ తీసేయమనడం తేలిక, రాత్రి కిటికీ మీద రాయి పడేది అక్కడున్నవాడికి. 2016లో క్రమ్లిన్ రోడ్డు మీద ముప్పయ్యేళ్ళనాటి గోడ ఒకటి పడగొట్టారు. దాని స్థానంలో ఇనుపకమ్మీలు వేశారు. కమ్మీలే, కానీ అవతల ఏముందో కనిపిస్తుంది.

మా బావి ఇప్పుడు ఎండిపోయింది. రెండిళ్ళవాళ్ళూ ఎవరి బోరు వాళ్ళు వేయించుకున్నారు, ఒకరి అవసరం ఒకరికి లేదు. గోడ అట్లాగే ఉంది. పూడిక తీసిన తరవాతి ఏడు పెదనాయన కూతురి పెళ్ళికి చిన్నాయన పందిరి గుంజలు పాతించాడు. మామ మళ్ళీ చెప్పి పంపాడేమో అనుకున్నాం. ఆయన అప్పటికే పోయాడు.

అలెగ్జాండ్రా పార్కు గోడలో 2011 సెప్టెంబరులో ఒక గేటు పెట్టారు. మొదట్లో అది పనిరోజుల్లో పొద్దున తొమ్మిదింటికి తెరిచి మధ్యాహ్నం మూడింటికి మూసేసేవారు.